ఒకవైపు మొగము



నేడు మన యిండ్లలో విరివిగా వినబడుచున్న ఆంగ్లపదములలో ప్రొఫైల్ అనునది యొకటి. ఉదయము రక్తపరీక్షకు పోయిన పెద్దాయన లిపిడ్ ప్రొఫైల్ కాగితము చేతబట్టుకొని వచ్చును. మధ్యాహ్నము పెండ్లిండ్ల పేరయ్యగారు అమ్మాయి ప్రొఫైల్ పంపితినని ఫోను చేయును. సాయంకాలము టీవీలో వార్తలు చదువువారు ఒకానొక హత్యకేసును హై ప్రొఫైల్ కేసని వర్ణింతురు. రాత్రి భోజనమువేళ మనుమడు తన ప్రొఫైల్ ఫోటో మార్చితినని చూపును. రక్తమునకును పెండ్లికిని హత్యకును ఫోటోకును గల చుట్టరికమేమని విచారించినచో, వీనికన్నిటికిని మూలపురుషు డొక్కడేయని తేలును. అతడు చిత్రకారుడు. మనిషి మొగమును ప్రక్కనుండి చూచి గీసిన గీతకు ఇటలీ చిత్రకారులు నూలుపోగును సూచించు పేరు పెట్టగా, అది పదునేడవ శతాబ్దమున ఇంగ్లీషులోనికి వచ్చి, క్రమముగా మొగమును విడిచి మన్నునకును, రక్తమునకును, మనిషి చరిత్రకును ప్రాకినది. నేడు నేను ప్రసంగింపబూనినది ఆ గీతను గూర్చియే. దానిని ఎవరు గీసిరి, ఎవరి యవసరమునకు గీసిరి, గీయునపుడు ఏ వైపును మరుగుపరచిరి యనునవి నా విచారణీయాంశములు.

క్రీస్తుశకము మొదటి శతాబ్దమున ప్లినీ యను రోమను పండితుడు రచించిన ప్రకృతిచరిత్రములో నొక కుమ్మరి కథ కలదు. సిక్యోను పట్టణమువాడై కొరింథులో కాపురమున్న బూటాడీసు అను కుమ్మరికి ఒక కూతురుండెను. ఆమె వలచిన యువకుడు దేశాంతరము పోవుచుండగా, దీపపు వెలుగున గోడమీద పడిన అతని మొగపు నీడ వెంబడి ఆమె గీత గీసెననియు, తండ్రి ఆ గీత లోపల బంకమన్ను అదిమి, తన కుండలతోపాటు దానిని గూడ ఆవములో కాల్చెననియు, మట్టితో మనుష్యరూపములు చేయు విద్యకు అదియే నాంది యనియు ప్లినీ వ్రాసినాడు. కథ నిజమైనను కాకున్నను, అందు చెప్పిన పని మాత్రము నిజమైనది. దీపమున కెదురుగా నిలిచినవాని తలనీడ గోడమీద గుండ్రని మచ్చగా పడును; అది యెవ్వరిదో చెప్పుట కన్నతల్లికిని కష్టమే. ఆ మనిషియే ప్రక్కకు తిరిగెనా, నుదురు, ముక్కు, పెదవులు, గడ్డము ఒకదాని క్రింద నొకటి విడివిడిగా తేలివచ్చి, ఇతడు ఫలానావాడని ఊరంతయు గుర్తుపట్టును. కన్నుల కాంతి, చెంపల నిండుదనము, నవ్వు పోకడ పోయినవి; అయినను ఆనవాలు దొరకినది. ప్రక్కమొగములోని బలిమియు లేమియు ఈ యొక్క కథలోనే యున్నవి.

ఈ రహస్యము మన తోలుబొమ్మలాటవారికి తెలిసినంతగా మరియొకరికి తెలియదన్నను తప్పులేదు. ధర్మవరము దాపుననున్న నిమ్మలకుంటలో నేటికిని ఆ విద్యను వంశానుగతముగా కాపాడుకొని వచ్చుచున్న కుటుంబములు కలవు. ఆ గ్రామమునకు చెందిన దళవాయి చలపతిరావుగారికి 2020లో భారతప్రభుత్వము పద్మశ్రీ పురస్కార మిచ్చినది. వెంట్రుకలు పోవునట్లు గీకి, దీపపుకాంతి ఆవలికి వచ్చునంత పలుచన చేసిన మేకతోలుమీద మొదట గీతలు గీసి, కిరీటము, హారము, వడ్డాణము ఉండవలసిన తావుల సన్నని ఉలితో చుక్కచుక్కగా రంధ్రములు పొడిచి, పిమ్మట రంగులు వేయుదురు. తెరవెనుక దీపము వెలుగగానే ఆ రంధ్రములే రత్నములగును. రాముడైనను సీతయైనను, నడుమ నడుమ వచ్చి నవ్వించిపోవు కేతిగాడును బంగారక్కయునైనను, దూరమున కూర్చున్న ప్రేక్షకునికి చూచినంతనే తెలియవలెనన్నచో ప్రక్కమొగమే శరణ్యము. అయినను కొన్ని బొమ్మలలో ఒక విశేషము కనబడును. మొగము ప్రక్కకు తిరిగియున్నను, కన్నులు మాత్రము రెండును ఇటువైపే యుండును! ముక్కు కొరకు ఒకవైపును వదలుకొన్న శిల్పికి రెండవ కన్నును వదలుకొనుటకు మనసొప్పలేదు కాబోలు. గీతకు లొంగని దేదో ఆవలివైపున మిగిలిపోవుచున్నదను మెలకువ ఆ రెండవ కంటిలో నున్నది.

కుమ్మరి కూతురు ప్రేమకొరకు గీసిన గీతను రాజులు ప్రభుత్వముకొరకు గైకొనిరి. నాణెము చిన్నది, దానిమీద ఎదురుమొగము చెక్కినచో చేతులు మారిమారి ముందుగా ముక్కే యరిగిపోవును. ప్రక్కమొగమైనచో ఎంత యరిగినను వెలిగీత కొంతకాలము నిలుచును. గ్రీకులనుండి ఈ సంప్రదాయము మనదేశమునకు వచ్చినది. పశ్చిమ క్షత్రపుడైన నహపానుని వెండి నాణెములమీద కుడివైపునకు చూచుచున్న అతని మొగమును, దానిచుట్టు గ్రీకులిపిలో అతని పేరును కనబడును. అతనివంశమును నిర్మూలించిన గౌతమీపుత్ర శాతకర్ణి ఆ నాణెములను కరగింపలేదు. వానిమీదనే తన ముద్ర మరల కొట్టించినాడు. 1906లో నాసిక ప్రాంతమున జోగల్‌తెంబి యను గ్రామమునందు దొరకిన నిధిలో పదమూడువేలకు పైబడిన నహపానుని నాణెము లుండగా, అందు తొమ్మిదివేలకు మించినవి ఈ విధముగా తిరుగముద్ర పడినవే. ఆ నాణెము నొకదానిని పరికించి చూడుడు: మూడు కమానుల చైత్యమును, దానిచుట్టు శాతకర్ణి పేరును పైని స్పష్టముగా నున్నవి, అడుగున మాత్రము నహపానుని ముక్కుకొసయో, తలవెండ్రుకల చారయో, గ్రీకు అక్షరపు తునకయో ఇంకను తొంగిచూచుచుండును. యుద్ధములో గెలుపొందిన రాజు చేసిన మొదటి పనులలో ఓడినవాని ప్రక్కమొగమును తుడిచివేయుట యొకటి. అంతటితో నాగక, క్షత్రపుల పద్ధతిని తామును అవలంబించి, శాతవాహనులు తమ మొగములతో వెండి నాణెములు వేయించిరి. యజ్ఞశ్రీ శాతకర్ణి మొగము మనకు అట్టి నాణెములవలననే తెలియుచున్నది.

కాసులపేరులో గ్రుచ్చుకొన్న విక్టోరియా కాసులను మన అమ్మమ్మల మెడలో చూచినవారికి ఈ సంప్రదాయపు తుదిదశ తెలిసినదే. బ్రిటిషు నాణెములమీద ఒక రాజు ఎడమవైపు చూచినచో తరువాతి రాజు కుడివైపు చూచుట పదునేడవ శతాబ్దమునుండి వచ్చిన ఆచారము. విక్టోరియా ఎడమకును, ఏడవ ఎడ్వర్డు కుడికిని, అయిదవ జార్జి మరల ఎడమకును చూచిరి. 1936లో సింహాసన మెక్కిన ఎనిమిదవ ఎడ్వర్డు, పాపట తీసిన తన ఎడమవైపే అందముగా నుండునని పట్టుబట్టి, ఆచారమునకు విరుద్ధముగా తానును ఎడమవైపే చూచుచున్నట్లు బొమ్మ చెక్కించుకొనెను. ఆ యేడాదియే ఆయన సింహాసనమును విడిచిపోవుటచే ఆ బొమ్మ వ్యవహారములోనికి రానేలేదు. ఏ వైపు లోకమునకు చూపవలెనో నిర్ణయించుకొను స్వాతంత్ర్యము రాజులకుండెనని దీనివలన గ్రహింపవచ్చును. 1950లో మన నాణెములమీద రాజుతల పోయి అశోకుని సింహములు వచ్చినవి. ఆ సింహములు నాలుగు. బొమ్మలో కనబడునవి మూడే. నాలుగవది ఉన్నదని బడిపిల్లలు మొదలు అందరికిని నేర్పుదుము. ఏ బొమ్మ చూచినను ఈ పాఠము జ్ఞప్తికి తెచ్చుకొనదగినది.

మరుగుపరచుటయే ముఖ్యప్రయోజనముగా గీసిన ప్రక్కమొగములును కలవు. అలెగ్జాండరు కాలపు చిత్రకారుడైన అపెల్లీసు, ఒక కన్ను పోయిన ఆంటిగోనసు రాజును చిత్రింపవలసివచ్చినపుడు, మొగమును ప్రక్కకు త్రిప్పి ఆ లోపము కనబడకుండ చేసెనని ప్లినీయే వ్రాసినాడు. ఇంచుమించు పదునెనిమిది వందల యేండ్ల పిమ్మట ఇటలీలో అదే చిక్కు మరల వచ్చినది. ఉర్బీనో ప్రభువైన ఫెడెరీగో యొక పోటీయుద్ధమున కుడికన్ను పోగొట్టుకొన్నవాడు. పియెరో డెల్లా ఫ్రాంచెస్కా గీసిన చిత్రము నేడు ఫ్లారెన్సులోని ఉఫీజీ చిత్రశాలలో నున్నది. అందు ప్రభువు ఎడమచెంప మాత్రమే మనకు చూపుచు, తన కెదురుగానున్న భార్యవైపు తదేకముగా చూచుచుండును. ఎఱ్ఱని టోపి, చెంపమీది పులిపిరులు, ముక్కుదూలముమీద మెట్టు విరిగినట్లున్న గంటు, వీనిలో నొక్కదానినైనను చిత్రకారుడు దాచలేదు. ఇన్ని నిజములు చెప్పిన గీత ఒక్క కంటినిగూర్చి మాత్రము మౌనము వహించినది. పులిపిరులు సైతము చూపినవాడు దాచునది ఏమియు నుండదని మనము నమ్ముదుము. నమ్మకము కలిగించుటకు అంతకంటె మంచి యుపాయము లేదు.

పదునెనిమిదవ శతాబ్దమున ఈ గీత సామాన్యులకును అందుబాటులోనికి వచ్చినది. నూనెరంగుల చిత్రము వేయించుకొనలేనివారు నల్లకాగితము కత్తిరించి ప్రక్కమొగము చేయించుకొనసాగిరి. 1759లో కొన్నినెలలపాటు ఫ్రాన్సు ఆర్థికవ్యవహారములు చూచి, పొదుపు పొదుపని జనమును వేధించిన సిలువెట్ అను మంత్రి పేరు ఆ చౌకబారు బొమ్మలకు అంటుకొన్నది. ఆ బొమ్మలతో వినోదించినంతకాలము హాని లేకుండెను. జ్యూరిచ్ నగరమున లవాటరు అను క్రైస్తవ మతాచార్యుడు 1775 మొదలుకొని సంపుటములుగా ప్రకటించిన గ్రంథములో, నుదురు వంపునుబట్టియు ముక్కు వాలునుబట్టియు మనిషి బుద్ధిని, శీలమును, దైవభక్తిని తెలిసికొనవచ్చునని ఉపపాదించుటతో వినోదము శాస్త్రవేషము ధరించినది. ఐరోపాలో చదువుకొన్నవారు అనేకులు దానిని నమ్మిరి. 1831లో బీగిల్ ఓడకు నాయకుడైన ఫిట్జ్‌రాయ్ అట్టి నమ్మకస్థులలో నొకడు. ప్రయాణమునకు తోడు రాగోరిన యొక యువకుని ముక్కు చూచి, ఇట్టి ముక్కు గలవానికి దూరప్రయాణమునకు కావలసిన చేవయు పట్టుదలయు నుండవని అతడు సందేహించెను. ఆ యువకుడు చార్లెసు డార్విను. తన ముక్కు అబద్ధము చెప్పినదని ఆ నాయకుడు పిమ్మట ఒప్పుకొనియుండునని డార్విను తన ఆత్మకథలో పరిహాసముగా వ్రాసికొన్నాడు. నాయకుడు పట్టుబట్టియుండినచో జీవపరిణామశాస్త్రపు గతి యెట్లుండెడిదో యెవరు చెప్పగలరు?

ఇచ్చట ఒక్క క్షణమాగి విచారింపవలెను. కుమ్మరి కూతురి గీత ఇతడెవ్వడను ప్రశ్నకు సమాధానము చెప్పినది. లవాటరు ఆ గీతనే ఇతడెట్టివాడని యడిగినాడు. మొదటి ప్రశ్నకు ముక్కు చాలును. రెండవ ప్రశ్నకు ముక్కు చాలదు. తరువాతి కాలమున ఈ గీత కలిగించిన కష్టములలో హెచ్చుభాగము ఈ రెండు ప్రశ్నలను ఒకటిగా కలిపివేయుటవలన కలిగినవే.

మొదటి ప్రశ్నకు కట్టుబడియుండి మేలు పొందినవాడు అల్ఫాన్సు బెర్తియాన్. 1879లో పారిసు పోలీసు కార్యాలయమున చిన్న గుమాస్తాగా చేరిన యీతడు, పేరు మార్చుకొని మరలమరల పట్టుబడు పాతనేరస్థులను గుర్తించుటకై తల పొడవు, ఎడమచేతి నడిమివ్రేలు, ఎడమపాదము మొదలుగా పదునొకండు కొలతలు తీయు పద్ధతి కనిపెట్టి, వానికి రెండు ఫోటోలు జతపరచెను: ఎదురుమొగ మొకటి, ప్రక్కమొగ మొకటి. గడ్డము పెంచినను, లావెక్కినను, నవ్వినను ఏడ్చినను ప్రక్కమొగపు వెలిగీత అంతగా మారదనియు, అందును చెవి మడతలు ఒకరివలె మరియొకరికి ఉండవనియు అతని వాదము. ఠాణాలలో నేటికిని తీయు జంటఫోటోలకు ఇదియే మూలము. కొలతల పద్ధతి మాత్రము వ్రేలిముద్రలముందు నిలువలేదు. 1897లో కలకత్తాలో వ్రేలిముద్రల కార్యాలయము వెలసినది; అజీజుల్ హఖ్, హేమచంద్ర బోసు అను ఇరువురు భారతీయ ఉద్యోగులు ఆ ముద్రల వర్గీకరణకు పాటుపడిరి. బెర్తియాన్ సైతము తన హద్దు దాటినపుడు తప్పటడుగు వేసినాడు. 1894లో డ్రైఫస్ అను సైనికాధికారిపై మోపిన రాజద్రోహపు నేరములో, తనకు పాండిత్యములేని చేవ్రాతను పరిశీలించి, అది నిందితునిదేయని సాక్ష్యమిచ్చి, నిర్దోషికి కలిగిన శిక్షలో పాలుపంచుకొనెను. రాజు తన మొగమును తాను త్రిప్పుకొనెను. ఖైదీ మొగమును పోలీసులు త్రిప్పిరి. గీత ఒక్కటియే, గీయు చేయి మారినది.

మొగమును విడిచిపోయిన అర్థములలో నాకు మిక్కిలి గౌరవముగలది మట్టి ప్రొఫైల్. నేలను నిలువుగా కోసి చూచినపుడు కనబడు పొరల వరుసకు ఆ పేరు. 1883లో రష్యా నల్లనేలనుగూర్చి దొకుచాయెవ్ అను శాస్త్రజ్ఞుడు గ్రంథము వెలువరించినప్పటినుండి, నేల పైచూపునుబట్టి గాక లోపలి పొరలనుబట్టి తెలియదగునను సూత్రము శాస్త్రమున స్థిరపడినది. బావి త్రవ్వు మన ఒడ్డెరలకు ఈ సంగతి గ్రంథము చదువకయే తెలియును. పటాన్‌చెరులో 1972లో నెలకొన్న ఇక్రిశాట్ అను పరిశోధనసంస్థ పొలములలో ఎఱ్ఱనేలయు నల్లరేగడియు ఇరుగుపొరుగున నుండుట శాస్త్రజ్ఞులకు కలిసివచ్చిన భాగ్యము. నిలువెత్తు గోయిలో దిగి చూచినచో, ఎఱ్ఱచెలకలో పైన పలుచని గుల్లమన్ను, దానిక్రింద ఎఱ్ఱదనము హెచ్చిన జిగటమన్ను, ఆ దిగువ మొరము, అటుపిమ్మట రాయి వరుసగా కనబడును. రేగడిలో పొరలు ఇంత స్పష్టముగా విడిపోవు. వేసవిలో నోళ్లు తెరచిన నెఱ్ఱెలు లోతునకు దిగియుండును. తడిసి ఉబ్బిన గడ్డలు ఒకదానితో నొకటి ఒరిసికొని నునుపెక్కిన పలకలు, నడుమనడుమ సున్నపుగుల్లలు చేతికి తగులును. పైరు వేరు ఎంతవరకు పోగలదో, వాననీరు ఎచ్చట నిలుచునో ఈ కోత చూచి చెప్పవచ్చును. ఐనను గోయి త్రవ్విన శాస్త్రజ్ఞుడు ఆ ఒక్క గోయినిబట్టి ఊరంతటికిని తీర్పు చెప్పడు. నాలుగు తావుల త్రవ్వి, గట్టు దాటి మరల త్రవ్వి, అప్పుడుగాని నేలపటము గీయడు. మనుష్యులను గూర్చి ప్రొఫైల్ వ్రాయువారికి ఈ పాటి ఓర్పు అలవడినచో ఎంత బాగుండును!

రక్తపు ప్రొఫైల్‌లో సైతము ఇట్టి వివేకమే కలదు. కొలెస్టరాల్ మొత్తము ఒక్కటియే చెప్పినచో వైద్యునికి చాలదు. మేలుచేయునదెంత, కీడుచేయునదెంత, ట్రైగ్లిజరైడు లెంత అని విడదీసి చూపుటచే ఒంటి అంకెకు లేని నిదానము ఆ కాగితమునకు వచ్చినది. అంతటితో తృప్తిపడక మంచి వైద్యుడు రోగి వయసును, చక్కెరను, రక్తపుపోటును, పొగత్రాగుడును అడిగి తెలిసికొనిన పిదపనే మందు వ్రాయును.

పెండ్లి ప్రొఫైల్ మన తెలుగువారు సొంతము చేసికొన్న ప్రక్రియ. గోత్రము, నక్షత్రము, పాదము, ఎత్తు, చదువు, ఉద్యోగము, ప్యాకేజీ, అమెరికాలో నున్నవాడైనచో వీసా ఏ తరగతిదో, గ్రీనుకార్డు వరుసలో నున్నాడో లేడో, ఇవన్నియు ఒక్క పుటలో నిమిడియుండును. రాజు నాణెమువలె ఇదియు కోరి చూపిన వైపే: చామనఛాయ తెలుపగును, కోపిష్ఠి గంభీరస్వభావు డగును, అప్పులు పుటలోనికి రానే రావు. అయినను మన పెద్దలు ఆ పుట చూచి ముహూర్తము పెట్టరు. వాకబు చేయుదురు; ఇరుగుపొరుగు నడుగుదురు; పెండ్లిచూపులకు పోయి పిల్లవాని మాట వినుదురు. పుటను పరిచయమునకు వాడుకొని, తీర్పును మనిషిని చూచునంతవరకు నిలిపియుంచుట ఈ ఆచారములోని మర్మము. పత్రికలలో వ్యక్తులనుగూర్చి వ్రాయు రేఖాచిత్రములకును ఇదియే నియమము. తిరుమల రామచంద్రగారి మరపురాని మనీషులు అను గ్రంథము చదివినవారికి, పండితునితో ఎదురుగా కూర్చుండి ముచ్చటించిన రచయిత బిరుదుల పట్టికతో పొందలేని దేనిని పొందగలిగెనో వేరుగా చెప్పనక్కరలేదు.

ఇప్పుడు మరియొక చేయి గీత గీయుచున్నది. మనము ఏమి కొనుచున్నామో, ఏమి వెదకుచున్నామో, ఏ బొమ్మ మీద ఎంతసేపు నిలిచితిమో గ్రహించి, యంత్రములు మనకు తెలియకుండ మన ప్రక్కమొగమును గీయుచున్నవి. కేంబ్రిడ్జి అనలిటికా యను సంస్థ వ్యవహారము 2018లో బయటపడినపుడు, ఎనిమిది కోట్ల డెబ్బది లక్షల మందివరకు తన వినియోగదారుల సమాచారము ఆ సంస్థ చేతబడియుండవచ్చునని ఫేస్‌బుక్ ఒప్పుకొనెను. మెచ్చుకొన్న పుటలనుబట్టి మనిషి స్వభావమును చెప్పగలమనుట ఆ సంస్థ గొప్పగా చెప్పుకొనిన విద్య. ముక్కునుబట్టి శీలము చెప్పిన లవాటరునకును వీరికిని దూరము మనమనుకొన్నంత లేదు. ఇతడెవ్వడను ప్రశ్న మరల ఇతడెట్టివాడుగా మారినది. అంతియకాక, అప్పు ఈయదగునా, ఉద్యోగమీయదగునా, అనుమానింపదగునా యను తీర్పులకు ఆ గీతయే సాక్షిగా నిలుచుచున్నది. ఫెడెరీగో తన గుడ్డికన్ను దాచుకొనగలిగెను. యంత్రము గీసిన బొమ్మలో మనకు ఏది దాగినదో, ఏది బయటపడినదో మనమెఱుగము.

2023లో మన పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, మన సమ్మతిపై సేకరించిన సమాచారముయొక్క సారాంశమును అడుగుటకును, తప్పులు దిద్దించుటకును, అక్కరలేనిది తుడిపించుటకును మనకు హక్కు నిచ్చినది. చట్టమిచ్చిన ఈ హక్కును వినియోగించుకొనుట ఒక యెత్తు. మన చేతికి ఇతరుల ప్రొఫైల్ వచ్చినపుడు న్యాయముగా నడచుకొనుట మరియొక యెత్తు. ఉద్యోగముల దరఖాస్తులు వడపోయు అధికారియు, సంబంధములు వెదకు తల్లిదండ్రులును, బందోబస్తునకు నిలిచిన పోలీసును, అప్పు మంజూరుచేయు బ్యాంకు మేనేజరును దినదినము ఎదుర్కొను పరీక్ష యిదియే. కాగితము మీది గీతతో పనిలేకుండ నేటి లోకము నడవదు. వేయిమంది దరఖాస్తుదారులతో ఎవరును ముచ్చటింపజాలరు. కాని ఆ గీతకు చెల్లునంతటి యధికారమే దానికీయవలెను. ప్రొఫైల్ చూచి మనిషిని పిలువవచ్చును. మనిషిని చూడక, అతని మాట వినక, ప్రొఫైల్ మాత్రము చూచి అతనిని త్రోసిపుచ్చరాదు.